మోత

కొక్కేనికి కోటు లేదు. గదిలో అత్తా లేదు.

బుర్మకాన్ గబగబా వాకిట్లోకి వచ్చి చూసింది. అత్త అసలే మతిమరుపు మనిషి. బయట నరీన్ కొండల మీద పొగమంచు కమ్మేసింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు.

ఆ కోటు బుర్మకాన్‌ది, జేబులో ఆసుపత్రివాళ్ళిచ్చిన ఫోన్ ఉంది. ఊరూరా తిరిగే నర్సు ఆమె. ఆ ఫోన్‌కి దూరం నుంచే తాళం వేసినా తీసినా రాజధాని బిష్కెక్ ఆఫీసులో కూర్చునే తాలాయ్ అనే అతనే. ఆమె ఏనాడూ చూసిన మనిషి కాదు.

పొరుగింటివాళ్ళ ఫోన్ తీసుకుని అతనికి చేసింది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు.

ఎప్పుడూ ఇంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"విషయం రాసి పంపండి" అని మెసేజ్ వచ్చింది.

"ఎత్తితే అరిగిపోతాడు మహారాజు" అని తిట్టుకుంటూ ఫోన్ పోయిందని రాసింది.

"అందులో రోగుల వివరాలుంటాయి. వెంటనే అన్నీ తుడిచెయ్యాలి. రూలు."

"తుడిస్తే మా అత్త దొరకదు బాబూ. ఆ కోటేసుకునే వెళ్ళిపోయింది."

మళ్ళీ మెసేజ్ వచ్చింది.

"తుడవను. ఇక్కణ్ణించే మోగిస్తాను. మ్యాప్‌లో వాగు దగ్గరని చూపిస్తోంది, అంతకుమించి తెలియట్లేదు. వెళ్ళి వినండి."

ఇరుగుపొరుగంతా ఆమె వెంట వాగువైపు పరిగెత్తారు.

"మోగుతోందా?" అని మెసేజ్.

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇంకా పెంచాను. మోత ఎలా ఉందో చెప్పండక్కా."

వేళాకోళమా అని ఆమెకు ఒళ్ళు మండింది. అంతలో ఎక్కడో సన్నగా మోత వినపడింది.

బండచాటున అత్త కూర్చుని ఉంది. కోటు విప్పి, చుట్టచుట్టి, ఒళ్ళో వేసుకుని ఊపుతోంది. చలికి పెదాలు నల్లబడ్డాయి.

"వచ్చావా తల్లీ. వీడు ఒకటే ఏడుపు. కాసిని పాలు పట్టవే."

బుర్మకాన్ మోగుతున్న కోటుతో సహా అత్తను కావలించుకుని ఏడ్చేసింది.

మరుసటి నెల ఎండు పెరుగుండలు మూటగట్టుకుని బిష్కెక్ వెళ్ళింది. తాలాయ్ కుర్చీ ఖాళీగా ఉంది.

"ఓష్ ఊరికి బదిలీ అయింది. నిన్ననే వెళ్ళాడు" అంది పక్క కుర్చీలో అమ్మాయి.

"ఈసారైనా ఫోన్ ఎత్తమని చెప్పమ్మా. తిట్టిన నోటితోనే రెండు మంచి మాటలు చెప్పుకుంటాను."

ఆ అమ్మాయి చిన్నగా నవ్వింది.

"రాసి పంపండక్కా. ఆయనకి పుట్టు చెవుడు. తను మోగించిన మోత ఎలా ఉందో మీలాంటివాళ్ళు రాస్తేనే ఆయనకి తెలిసేది."