లేడన్న ఒక్క మాట

అతను టోపీ తీసి వంగి దండం పెట్టేసరికి డమరిస్ గుండెల్లో రాయి పడింది.

ఆ ఒడ్డున ఎవరూ ఎవరికీ టోపీ తియ్యరు. దేవుడికి తప్ప ఎవరికీ టోపీ తియ్యం అన్నందుకే ఇంగ్లండులో క్వేకర్లనే ఈ మతంవాళ్ళతో జైళ్ళు నిండాయి. అందుకే సముద్రం దాటొచ్చి, అమెరికాలో ఈ డెలావేర్ నది గట్టులో గుహలు తవ్వుకుని, ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకునే ఊరొకటి కట్టుకుంటున్నారు.

"జాబెజ్ గారిల్లు ఇదేనా అమ్మా?"

గారట! క్వేకరైతే రాజునైనా నువ్వనే అంటాడు. వీడు తమవాడు కాదు.

"ఏ జాబెజ్?"

"బ్రిస్టల్‌లో మగ్గం నేసేవారు. జైల్లో ఉండేవారు."

డమరిస్ చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి మీద మొక్కజొన్న జావ అడుగంటుతోంది.

జాబెజ్‌కి పడిన శిక్ష నాలుగేళ్ళు. రెండేళ్ళకే ఒకరోజు ఇంటికొచ్చి, "ఓడెక్కు, ఏమీ అడక్కు" అన్నాడు. ఆమె అడగలేదు. కానీ రెండేళ్ళు దాటినా, ఇప్పటికీ ఏ ఓడ వచ్చినా ఆమెకి తిండి సయించదు. మిగతా శిక్ష కోసం రాజు మనుషులు వచ్చి మొగుణ్ణి గొలుసులేసి లాక్కుపోతారని ఒకటే బెంగ.

"అతనితో నీకేం పని?"

"పనేం లేదమ్మా. ఒకసారి చూసిపోదామని."

బ్రిస్టల్‌లోనూ అంతే. మెత్తగా మాట్లాడి లోపలికొచ్చినవాడే మర్నాడు సిపాయిల్ని వెంటబెట్టుకొచ్చాడు.

పక్క గుహలోంచి కెజయా తల బయటపెట్టింది.

"ఎవరే ఆ వంగుడు మనిషి? నడుం పట్టేసిందా ఏం?"

"దారి తప్పాడు," అంది డమరిస్.

పుట్టి బుద్ధెరిగాక అదే ఆమె మొదటి అబద్ధం. రెండోది ఇంకా తేలిగ్గా వచ్చింది.

"ఆ పేరుగలవాడు ఇక్కడ లేడు."

అతను కాసేపు దగ్గాడు. ఒట్టు వెయ్యమంటాడేమోనని డమరిస్ పొయ్యి వైపు తిరిగింది.

"మీ వాళ్ళు ప్రాణం పోయినా అబద్ధమాడరు," అన్నాడతను. "లేరంటే లేరన్నట్టే. కాసిని మంచినీళ్ళు ఇస్తారా?"

"నది అదిగో."

అతను నవ్వి టోపీ పెట్టుకున్నాడు.

"ఎప్పుడైనా కనిపిస్తే, ఆంబ్రోస్ వచ్చి వెళ్ళాడని చెప్పండి."

ఒడ్డున మేరీలాండ్ వెళ్ళే పడవ బయల్దేరుతోంది. అతను అందులో ఎక్కాడు. తెరచాప నది మలుపు దాటేదాకా డమరిస్ ఊపిరి పీల్చుకోలేదు.

మధ్యాహ్నం జాబెజ్ గొడ్డలి భుజానేసుకుని అడవి నుంచి వచ్చాడు.

"నిన్ను పట్టుకుపోవడానికి మనిషొచ్చాడు," అందామె. "లేడని చెప్పి పంపేశా."

"అబద్ధమాడావా?"

"ఆడాను. ప్రార్థన సభలో నిలబడి అందరిముందూ ఒప్పుకుంటాలే. నువ్వు దక్కావు, అది చాలు."

జాబెజ్ నిట్టూర్చాడు.

"నాకోసం ఎవరూ రారు డమరిస్. జైలు లెక్కలో మనిషి తక్కువైతే కదా వెతుక్కుంటూ రావడానికి!"

ఆమెకి అర్థం కాలేదు.

"మరి వాడెవడు? ఆంబ్రోస్ అన్నాడు."

గొడ్డలి కిందపడింది. జాబెజ్ ఒడ్డుకి పరుగెత్తాడు. డమరిస్ రొప్పుతూ వెనకే వెళ్ళింది. నది ఖాళీగా ఉంది.

"మంచినీళ్ళడిగాడు," అంది చిన్నగా. "ఇవ్వలేదు. ఎవరతను?"

జాబెజ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. టోపీ తీశాడు.

"మాట పొక్కితే అక్కడ అతన్ని చంపేస్తారని నీక్కూడా చెప్పలేదు," అన్నాడు. "జైలుకి రొట్టెలు మోసేవాడు, డమరిస్, మన మతంవాడు కూడా కాదు, నా జైలుగదిలో, నా పేరు చెప్పుకుని, మిగిలిన నా రెండేళ్ళ శిక్షా అనుభవించింది అతనే."