ఇంకొక్క ముద్ద

"ఒక్కటే తెచ్చేరేటి? మిగతావి ఎప్పుడు తెస్తారు?" అంది కన్యాకుమారి, తన ముందు పెట్టిన ఉల్లిపాయల సూపు వైపు చూస్తూ.

"ఇక్కడంతే. ఒకటి తిన్నాక ఇంకోటి తెస్తారు. తాగు," అన్నాడు నారాయణమూర్తి.

"అలాగైతే ఎప్పటికయ్యేను? పొయ్యి మీద ఎసరు దింపీసి వచ్చేను బావా."

"తాగమన్నానా!"

ఆ కసురుకి ఉలిక్కిపడి చెంచా అందుకుంది. పద్దెనిమిది రోజుల టైఫాయిడ్ జ్వరం విడిచి ఇంకా వారం కాలేదు. నోరంతా చేదు. మెతుకు సహించడం లేదు. ఇంటి నుంచి సందు చివరిదాకా నడిస్తేనే ఆయాసం వచ్చింది. అలాంటిదాన్ని, ఆఫీసుకి వెళ్ళిన మనిషి పదకొండు గంటలకే తిరిగొచ్చి, "చీర మార్చుకో, బయట భోంచేద్దాం" అని లాక్కొచ్చాడు. అదీ బుధవారం నాడు! మేనత్త కూతుర్ని కోరి చేసుకున్నాడే గాని, ఈ మూడేళ్ళలో, విజయనగరం వచ్చాక కూడా, ఒక్క కాఫీ హోటలు గుమ్మమైనా ఆమె చేత తొక్కించిన పాపాన పోలేదు.

పోనీ, తెచ్చింది మంచి హోటలుకా? కోట వెనక సందులో ఓ పెంకుటింటి ముందుగది. నాలుగు బల్లలు, వాటి మీద తెల్లటి దుప్పట్లు. దాని యజమాని జగన్నాధం యానాంలో ఫ్రెంచి దొర దగ్గర పదిహేనేళ్ళు వంట చేశాడు. దొరలు వెళ్ళిపోయాక భార్య తాయారు పుట్టిన ఊరు వచ్చి, ఉన్న ఇంట్లోనే ఈ ఫ్రెంచి భోజనం మొదలుపెట్టాడు. వంట ఆయనది, వడ్డన ఆమెది. సాయంత్రాలు కాలేజీ లెక్చరర్లు వస్తారట. ఈ వేళప్పుడు వీళ్ళిద్దరే ఉన్నారు.

సూపు అయ్యాక రొట్టె వచ్చింది.

"జ్వరంలో పెట్టిన రొట్టే మళ్ళీనా? నాకొద్దు."

వంటింట్లోంచి జగన్నాధమే బయటికొచ్చాడు. "ఇది ఆ రొట్టె కాదండి. పొద్దున్నే నా చేత్తో కాల్చానండి. కాస్త వెన్న రాసుకుని చూడండి, మదాం."

మదాం అన్న పిలుపుకి నవ్వొచ్చేదే గాని, అప్పుడే భర్త ముందు చూసింది. పళ్ళెం లేదు. మంచినీళ్ళ గ్లాసు కూడా లేదు.

"నీకేవీ?"

"ఆఫీసులో టిఫిను తిన్నాను."

"టిఫిను తిని భోజనం మానే మనిషివా నువ్వు?"

"నా సంగతి ఒగ్గీ. కడుపు ఖాళీగా ఉంటే జ్వరం తిరగబెడతాదని డాక్టరు చెప్పలేదూ? నువ్వు తిను."

అంటూనే లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, తాయారుతో ఏదో చెప్పాడు. తాయారు ఒకసారి కన్యాకుమారి వైపు చూసి, గబుక్కున చూపు తిప్పుకుంది. కన్యాకుమారికి ఒళ్ళు మండింది. నా పెళ్ళాం తిండికి పేచీ పెడతాది అని ఊళ్ళోవాళ్ళకి కూడా చెప్పుకోవాలా?

తర్వాత కోడికూర తెచ్చిన తాయారు బల్ల పక్కనే నిలబడిపోయింది.

"ఇంకొక్క ముద్ద తినీ తల్లీ. నా మాటినీ."

"చాలమ్మా, పట్టదు."

"ఇంకొక్కటి. నీకంటే పెద్ద కూతురున్నాది నాకు. పేచీ పెడితే ఊరుకోను."

ఆవిడ లోపలికి వెళ్ళగానే కన్యాకుమారి చెంచా ఠక్కున పళ్ళెంలో పడేసింది.

"నాకు తెలిసిపోయింది బావా. బదిలీ వచ్చినాది కదూ? కిందటిసారి పాలకొండ బదిలీ అప్పుడూ ఇలాగే పకోడీలు తెచ్చి, తిన్నాక చెప్పేవు."

నారాయణమూర్తి పళ్ళెంలో పడిన చెంచా తీసి మళ్ళీ ఆమె చేతికిచ్చాడు.

"ఎక్కడికి? పాడేరు ఏజెన్సీకా?"

"తినడం అవనీ. చెప్తాను."

అంటే బదిలీయే. ఇప్పుడిప్పుడే ఒంట్లో ఓపిక వస్తోంది. ఈ ఒంటితో మళ్ళీ సామాను కట్టాలి, ఆ కొండల్లో ఇల్లు వెతుక్కోవాలి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను రాను. సాలూరు పోయి మా అమ్మ దగ్గరుంటాను. నువ్వొక్కడివే ఏలుకో ఆ అడవిని!"

నారాయణమూర్తి కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. బయట సన్నగా జల్లు పడుతోంది. "ఆ రెండు ముక్కలూ తినీ. తర్వాత నువ్వేటంటే అదే," అన్నాడు.

పంతానికి తింది. కోపంతో గబగబా నమిలింది. ఆఖర్న పాలు, గుడ్లు, మాడ్చిన పంచదారతో చేసిన తీపి వచ్చింది. మొదటి చెంచా నాలిక మీద కరిగేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఇన్నాళ్ళకి నోటికి రుచి తెలిసింది! గిన్నె అడుగు కనిపించేదాకా నారాయణమూర్తి రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నాడు.

రిక్షా ఎక్కగానే, "బస్టాండుకి పోనీ" అన్నాడు.

"ఇల్లు ఇటు కాదు కదా?"

"సాలూరు బస్సెక్కుదాం."

కన్యాకుమారి తెల్లబోయింది. కోపమంతా ఎక్కడిదక్కడ జారిపోయింది.

"కోపంలో ఏదో అన్నాను బావా. నిజంగానే నన్ను పంపించీస్తావా?"

"నేనూ వస్తన్నాను."

"నిజంగా?" ఆమె మొహం విచ్చుకుంది. "ముందే చెప్పకూడదేటి? రిక్షా ఆపించు. ఆ తీపి అమ్మకి కొంచెం కట్టించుకొస్తాను."

దిగబోతున్న ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు నారాయణమూర్తి.

"తెల్లారకముందే అత్త పోయింది, కన్యా."