యాభై ఎనిమిది నుంచి

"ఐ హ్యావ్ జాయిన్డ్ ప్లాంట్ ఇన్ నైన్టీన్ ఫిఫ్టీ ఎయిట్."

"గలత్! తప్పు!" కుముదిని పెన్సిలుతో బల్లమీద కొట్టింది. "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా? అయిపోయిన సంవత్సరం చెప్పి 'హ్యావ్' అనకూడదు. అప్పుడు మొదలై ఇవాళ్టిదాకా నడుస్తూ ఉంటేనే 'హ్యావ్ బీన్', 'సిన్స్'. ఫిర్ సే, మళ్ళీ చెప్పు!"

పెన్సిలు చేతిలో ఉంటే ఆ పిల్లకి తండ్రీ కనపడడు, తాతా కనపడడు. గణపతిరావు తలొంచుకున్నాడు. మర్నాడే చార్జ్‌మన్ ప్రమోషన్‌కి ఇంటర్వ్యూ. అది గట్టెక్కితే క్యాంప్ వన్ ఇరుకు సందు వదిలి సెక్టర్ టూలో ప్లాంటువాళ్ళ క్వార్టర్‌కి మారొచ్చని ఇంటిల్లిపాదీ ఆశ పడుతున్నారు. సాహెబులు అడిగేది మాత్రం ఇంగ్లీషులోనే.

"సర్టిఫికెట్‌లో మెట్రిక్ ఫస్ట్ క్లాసని ఉంది. నోరు విప్పితే ఇదీ! నా ఫ్రెండ్స్ వింటే నాకెంత సిగ్గు!"

"నాకూ సిగ్గుగానే ఉందమ్మా," అన్నాడు. నిజంగానే సిగ్గుతో చచ్చిపోతున్నట్టున్నాడు.

"ఏటే ఆ మాటలు? తండ్రితో అలాగేనా?" వంటింట్లోంచి తల్లి పోలమ్మ కసిరింది.

తప్పు చెప్పినప్పుడల్లా గణపతిరావు చూపు గోడమీదికి పోతోంది. అక్కడ దండ వేసిన ఫొటోలో కుముదిని పెదనాన్న నూకరాజు, చొక్కా జేబులో కలంతో నవ్వుతున్నాడు. నాన్న ప్లాంటులో చేరడానికి ఏడాది ముందు జ్వరమొచ్చి పోయాడట. నాన్నమ్మ గున్నమ్మకి ఆ దిగులు ఇంకా తీరలేదు. కిందటేడు శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడు నాన్నని కూడా "నూకా" అనే పిలిచింది పాపం.

"బస్, ఆఖరిది," అంది కుముదిని. "నీ పేరు పెట్టి, 'హ్యావ్ బీన్', 'సిన్స్' వాడి ఒక్క వాక్యం చెప్పు. తప్పు రాకూడదు."

గణపతిరావు ఇంకోసారి ఫొటో వైపు చూశాడు. తర్వాత ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు.

"ఐ హ్యావ్ బీన్ గణపతిరావు సిన్స్ నైన్టీన్ ఫిఫ్టీ ఎయిట్."

కుముదిని నెత్తి కొట్టుకుంది. "అరే, అది ఉద్యోగంలో చేరిన సంవత్సరం నాన్నా! పేరు పుట్టినప్పట్నుంచీ ఉంటుంది కదా!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఈసారి తప్పు సెప్పలేదమ్మా," అన్నాడతను, తల ఎత్తకుండానే.

"ఆ సర్టిఫికెట్టు మా అన్నది. ఆ ఫొటోలో ఉన్నోడే గణపతిరావు."