చుక్క తగ్గని ఆయిల్

తెల్లవారుజామున పాల కోసం కిందికి దిగిన డ్రైవరుకు తన వ్యాన్ బానెట్ తెరిచి కనిపించింది.

దాని ముందు వంగి నిలబడ్డది బండ్లు కడిగే ముసలాయన. వీధిలో అందరూ బకెట్ బాబాయ్ అంటారు. చేతిలో డబ్బా, అందులో సగానికి ఆయిల్.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది బాబాయ్ ఈ వ్యవహారం?" అన్నాడు డ్రైవరు.

ముసలాయన తేలు కుట్టిన దొంగలా డబ్బా వెనక్కి దాచుకోబోయాడు.

డ్రైవరు డబ్బా లాక్కున్నాడు. లోపల తుడవడానికని నమ్మి ఇచ్చిన తాళాలూ లాక్కున్నాడు. దొరికేదాకా అందరూ దొరలేనని, పిలవకుండానే వచ్చి మీదపడి మరీ పనిలో చేరినప్పుడే అనుమానించాల్సిందని వీధంతా వినబడేలా చెప్పాడు. మళ్ళీ ఈ ఛాయల్లో కనిపిస్తే మర్యాద దక్కదన్నాడు.

ముసలాయన బకెట్ అందుకుని నాలుగడుగులు వేసి ఆగాడు.

"లెవెల్ చూసుకుంటూ ఉండండి బాబూ," అన్నాడు.

"దొంగ చేత చెప్పించుకునే గతి నాకింకా పట్టలేదు," అన్నాడు డ్రైవరు.

డబ్బాలో ఉన్నది తన సొత్తేనని దాన్ని తిరిగి ఇంజిన్‌లో పోసేశాడు. ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల తీసి చూస్తే సరిగ్గా పై గీతకు వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలని భార్యను పిలిచి చూపించాడు.

ఆయిల్ అమ్ముకుని బతికే మనిషిలా లేడే పాపం, ఒక్క మాట అడగాల్సింది, అంది ఆవిడ. లోకం తెలియని దానివి ఊరుకోమన్నాడు.

ఆ కోపానికీ అర్థముంది. జుట్టు నెరిసేదాకా ఒకరి బండ్లు నడిపి నడిపి, బ్రోకరు ద్వారా సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న మొదటి సొంత బండి అది. కొన్న వారానికే బడిపిల్లల్ని తిప్పే పని దొరికింది. ఇక చచ్చినా ఒకరి స్టీరింగ్ పట్టనని భార్య ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకే దానికి ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోయించాడు. మామూలు ఆయిల్‌కు రెట్టింపు దూరం వస్తుందని షాపువాడు చెప్పాడు. షెడ్డులో మేస్త్రీ మాత్రం ఆయిల్ మంచిదే కానీ ఇంజిన్ ముసలిదని, మార్చడం ఆలస్యం చేసినా చూడడం మానొద్దని అన్నాడు.

చూశాడు కూడా. ప్రతి ఆదివారం పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. ఎప్పుడు చూసినా పై గీత దగ్గరే.

షాపువాడు చెప్పిన గడువు దాటింది. ఆ తర్వాత ఇంకెంతో తిరిగింది. చుక్క తగ్గలేదు.

స్టాండులో ఆ సంగతి కథలు కథలుగా చెప్పేవాడు. అక్కడివాళ్ళు 'సింథటిక్ బావ' అని పేరు పెట్టారు. వెక్కిరింతని తెలిసినా ఆయనకు ముద్దుగానే ఉండేది. ఏడాది తిరిగినా ఆయిల్ మార్చనని పందెం కూడా కాశాడు.

ముసలాయన్ని తరిమేశాక ఆయనకు ధీమా మరీ పెరిగింది. దొంగ ఉన్నప్పుడే తగ్గని ఆయిల్, దొంగ పోయాక ఎందుకు తగ్గుతుంది? పుల్ల తీయడమే మానేశాడు.

ఒకరోజు డాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగింది. వైరు ఎక్కడో తెగి ఉంటుందిలే అనుకున్నాడు.

మర్నాడు పిల్లల్ని బడి దగ్గర దింపి వస్తుంటే, వ్యాన్ ఒక్కసారి మూలిగి నడిరోడ్డు మీద ఆగిపోయింది.

షెడ్డుకు లాక్కెళ్తే మేస్త్రీ బండి కింద పడుకుని బోల్టు విప్పాడు. కాస్త నల్లటి జిడ్డు కారి ఆగింది.

ఇంజిన్ పట్టేసిందనీ, బాగుచేయించే బదులు తుక్కుకు అమ్ముకోవడం మేలనీ చెప్పాడు మేస్త్రీ. లోపల రింగులు ఏనాడో అరిగిపోయాయట. కొన్న నాటి నుంచీ ఆయిల్ తాగుతూనే ఉండాలట. ఇన్నాళ్ళు ఎలా నడిచిందో ఆయనకే అంతు చిక్కలేదు.

డ్రైవరు ముసలాయన సంగతి చెప్పాడు. వాడు బానెట్ తెరిచి ఆయిల్ లాగేసేవాడని, బండి కొంప ముంచింది వాడేనని తిట్టాడు.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ ఆయన వంక చూశాడు.

"ఆయిల్ తీసేవాడు బండి కింద దూరతాడు. పైనుంచి పోస్తారయ్యా."

ఆ మాట డ్రైవరుకు తెలియనిదా? పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ బండ్ల మధ్యే బతికాడు. తెలిసీ తట్టనందుకు సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

ఆ సాయంత్రమే ముసలాయన్ని వెతుకుతూ వీధి వీధీ తిరిగాడు. దొంగని పేరు పడ్డాక ఎవరూ తాళాలివ్వడం లేదని, గది ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడని చెప్పారు.

పిల్లల పని ఇంకొకరి వ్యాన్‌కు పోయింది. డ్రైవరు ఒట్టు గట్టున పెట్టి, మళ్ళీ ఒకరి బండికి జీతానికి కుదిరాడు.

వ్యాన్‌ను తుక్కు కింద చూడడానికి, అప్పట్లో దాన్ని ఇప్పించిన బ్రోకరే వచ్చాడు. ఊరంతా తిరిగే మనిషి కదా, తెలుస్తుందేమోనని డ్రైవరు ముసలాయన గురించి అడిగాడు. పొడుగ్గా ఉంటాడు, ఎడమకాలు కాస్త ఈడుస్తాడు, బండ్లు కడుగుతాడు. కనిపిస్తే కాళ్ళ మీద పడాలన్నాడు.

బ్రోకరు తెరిచి ఉన్న బానెట్‌ను మెల్లగా దించాడు.

"ఇంజిన్ జబ్బు కొనేవాళ్ళకు చెప్పి తీరాలని ఆయన పట్టుబడితే, ఆస్పత్రిలో ఉన్న ఆయన భార్య మందుల ఖర్చు గుర్తు చేసి నేనే నోరు మూయించానండీ," అన్నాడు. "ఈ బండి మీకు అమ్మింది ఆయనే."