అరువు కథ

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లంతా ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటే, ఆ అమ్మాయి మాత్రం గోడతో మాట్లాడుతోంది.

"ఆసుపత్రి సర్వర్ కుప్పకూలింది. వార్డుల్లో ఎవరికి ఏ మందివ్వాలో నర్సులకి తెలియడం లేదు. అప్పుడు నేను..."

అక్కడే నాలుక తడబడుతోంది.

తడబడదూ మరి! ఆ సర్వర్‌ని నిలబెట్టింది తను కాదు, అక్క ఆఫీసులో ఒక సీనియర్. "మీకు ఎదురైన అతి కష్టమైన సమస్య చెప్పండి" అన్నప్పుడల్లా సొంత కథ లేక నీళ్లు నమిలింది. వచ్చిన అవకాశాలన్నీ చేజారాయి. నాన్న మంచం పట్టాక ఇంటికి మిగిలిన ఆశ ఈ ఉద్యోగమే. అందుకే ఈసారి కథ అరువు తెచ్చుకుంది.

పక్క కుర్చీలో నెరిసిన గడ్డం పెద్దాయన. ఆయనదీ అదే ఇంటర్వ్యూ. ఈ వయసులో ఇదేం ఖర్మో పాపం అనుకుంది.

"ఆ కథ నీదేనామ్మా?" అడిగాడాయన.

"నాదే అంకుల్," అంది చూపు తిప్పేసుకుని.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మరీ సాఫీగా ఉంది. నమ్మరు. ఒక ముక్క కలుపు. పని మధ్యలో ఇంటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తితే చేతులు వణుకుతాయని సొరుగులో పడేశానని చెప్పు."

"ఎవరి ఫోనని అడిగితే?"

"అడగరులే. ఎవరూ అడగరు."

ఇంతలో ఆమెకి పిలుపొచ్చింది. సొరుగు మాట దగ్గర లోపలున్నవాళ్లు రాయడం ఆపి ఆమె మొహంలోకి చూశారు.

ఉద్యోగం వచ్చింది.

చేరిన రోజే మేనేజర్ని అడిగింది. "నా తర్వాత వచ్చిన పెద్దాయన ఏమయ్యారు సార్?"

"ఆయనా? కష్టమైన సమస్య ఏదైనా చెప్పండంటే, చెప్పడానికేమీ లేదని లేచి వెళ్లిపోయాడు. విచిత్రమైన మనిషి!"

ఆమెకి మనసు చివుక్కుమంది. సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది.

"నువ్వు చెప్పిన కథే అక్కా. ఫోన్ సొరుగులో పడేశానని ఒక ముక్క కలిపా. అదే నన్ను గట్టెక్కించింది."

అవతల అక్క మాట మధ్యలోనే అందుకుంది.

"మా సీనియర్ వాళ్లావిడ పోయే ముందు చేసిన ఆఖరి ఫోనే అది. మళ్లీ ఆయన మా ఆఫీసు గడప తొక్కలేదు. నీకెవరు చెప్పారే? ఆ సొరుగు సంగతి నాకూ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియదు!"