తెల్ల రుమాలు

మూడో అంతస్తు ముసలాయన, నిన్న ఆవరణలో ఇనుప కడ్డీకి కట్టిన తెల్ల రుమాలు విప్పి, బొటనవేలితో రుద్ది చూశాడు.

మంచు గట్టిగా పట్టిన ఉదయం. చలిగాలికి పురుగు చావాలని ఆడవాళ్లు పరుపులు కిటికీల మీద వేస్తున్నారు.

"ఇవాళ పరుపు బయటెయ్యకమ్మా," అన్నాడు కింది అంతస్తు గ్రాజినాతో. "పాప దగ్గెలా ఉంది?"

"పాప సంగతి నేను చూసుకుంటాలెండి తాతగారూ. మీ రుమాలు మీరు చూసుకోండి."

పక్క కిటికీలోంచి బోజెనా నవ్వింది. "తెల్లజెండా ఎందుకు తాతా? చలికి లొంగిపోయావా?"

ఆయన మరో రుమాలు కట్టి, వీధి చివరి బొగ్గు బాయిలర్ల కేంద్రం వైపు నడిచాడు. ఊళ్లోని ఇళ్లన్నిటికీ వేడి వచ్చేది అక్కడినుంచే.

కాసేపటికి గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు చల్లబడ్డాయి.

"చూశావా," అంది గ్రాజినా. "ఆయన అటు పోయిన రోజే ఇలా అవుతుంది. ఈ చలికాలంలో ఇది నాలుగోసారి."

"వేడి తగ్గించమని చెప్పి వస్తున్నాడేమో మహానుభావుడు," అంది బోజెనా.

గ్రాజినా కూతురు, ఆరేళ్ల జూజియా, మూడు స్వెట్టర్లలో ముడుచుకుని దగ్గుతోంది. పాపది బలహీనమైన ఊపిరి. గది వెచ్చగా ఉండాలన్నాడు డాక్టరు.

ఆదివారం ప్రార్థన అయ్యాక గ్రాజినా చర్చి గుమ్మంలో నిలబడి సంతకాలు పట్టింది. బయటివాళ్లను బాయిలర్ల కేంద్రంలోకి రానివ్వొద్దని రాసిన కాగితం మీద నలభై ఒక్కమంది సంతకం చేశారు.

కేంద్రం గేటుకు కొత్త తాళం పడింది.

తర్వాత రేడియేటర్లు ఒక్కసారీ చల్లబడలేదు. గ్రాజినా మరియమాతకు కొవ్వొత్తి వెలిగించింది.

ముసలాయన మాత్రం రోజూ గేటుదాకా వెళ్లి, మంచులో చాలాసేపు నిలబడి, తిరిగి వచ్చేవాడు.

ఒక బుధవారం రుమాలు విప్పడానికి ఎవరూ రాలేదు. అది బూడిదరంగుకు తిరిగింది. తర్వాత నల్లబడింది.

జూజియా ఊపిరిలో ఈల మొదలైంది.

"గది వెచ్చగానే ఉందా?" అడిగాడు డాక్టరు.

"కాలిపోతోందండి."

"మరి గాలి?"

గ్రాజినా పాపను దగ్గరికి తీసుకుంది. వేడి ఇమ్మని అన్నిసార్లు ప్రార్థించింది. గాలి అడగాలని తనకెందుకు తోచలేదు?

ఇంటికొచ్చేసరికి భవనం తలుపు మీద నల్ల అంచు మరణవార్త కాగితం అంటించి ఉంది. ఎర్విన్ కోట్సుర్, డెబ్బై ఆరేళ్లు, న్యుమోనియా. మూడో అంతస్తు ముసలాయన పేరు ఆమెకు తెలిసింది అప్పుడే.

శిలువ గుర్తు వేసుకుంది. కిటికీ మీది దిండు తీసింది. దాని నిండా నల్లటి నలకలు. దాన్ని పట్టుకుని కేంద్రానికి వెళ్లింది.

"ఏమ్మా, ఇంకా వేడి చాలలేదా?" అన్నాడు గేటులోపలి బాయిలర్ మనిషి.

"వేడికేం లోటు లేదు. ఈ మసేంటి?"

అతను దిండు చూశాడు. "మసిని పొగగొట్టంలోకి పోనివ్వకుండా ఆపే గుడ్డ సంచులున్నాయి. అవి చిరిగాయి. కుట్టే మనిషిని పెట్టమంటే పైవాళ్లు వినరు."

"మరి ఇన్నాళ్లూ ఎవరు కుట్టారు?"

అతను కొత్త తాళం వైపు చూశాడు.

"ఇక్కడ పని మానేసి పింఛను పుచ్చుకున్నాక కూడా ఆరేళ్లు, రుమాలు మాసినప్పుడల్లా వచ్చి, ఒక్క గంట బాయిలర్ ఆపించి, ఆ మసిలోకి దూరి కుట్టి పోయింది ఎర్విన్ తాతేనమ్మా."