వాము డాక్టర్

ఫోన్లో రికార్డయిన తన గొంతును దశరథం తానే గుర్తుపట్టలేకపోయాడు. అతనికి కావలసింది సరిగ్గా అదే.

కల్వకుర్తి బజారులో అతని కిరాణా దుకాణం. షట్టరు సగం దించి, ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని, పొద్దంతా సాధన చేసి మరీ రికార్డు చేశాడు.

"నేను హైదరాబాద్ నుంచి డాక్టర్‌ని మాట్లాడుతున్నాను. కరోనాకు భయపడకండి. గుప్పెడు వాము గుడ్డలో మూటకట్టి, మెడలో వేసుకుని వాసన చూస్తూ ఉండండి. ఎంత ఆయాసం వచ్చినా ఆసుపత్రికి మాత్రం వెళ్లకండి. వెళ్లినవాళ్లు తిరిగి రావడం లేదు."

ఆ చివరి ముక్క లేకపోతే ఎట్లా? దవాఖానలో మాత్రలు దొరికితే వాము ఎవడు కొంటాడు? గోదాములో పోయినేడు కొని పడేసిన వాము బస్తాలు పురుగు పట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. దశరథానికి జనం మీద కోపమేమీ లేదు. బస్తాల మీద ప్రేమ, అంతే.

ఎవరికీ తెలియని సిమ్ము ఒకటి సంపాదించి, ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వదిలాడు. పొద్దుగూకేలోపు అది ఊరంతా తిరిగింది. ఆ డాక్టర్ పేరేమిటని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మర్నాటి నుంచి దుకాణం ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం బారులు తీరారు. మాస్కులు గడ్డాల కిందికి జారాయి, వాము మూటలు ముక్కుల దగ్గరికి చేరాయి. దశరథం మొహం వెలిగిపోయింది.

ఒకనాడు మధ్యాహ్నం అన్నం పెడుతూ భార్య సుభద్రమ్మ అంది.

"హుసేన్‌బీ అక్కకు ఆయాసం ఎక్కువైంది. పొద్దటిసంది ఆమె వాకిట్ల కూసొని బతిమాలి వచ్చిన. దవాఖానకు పోదాం రా అక్కా అంటే మెడల మూట చూపెడ్తుంది. హైదరాబాద్ డాక్టర్ వద్దన్నడంట."

హుసేన్‌బీ పక్కింట్లో ఒంటరిగా ఉంటుంది. గాజుల మలారం ఎత్తుకుని ఊళ్లు తిరిగే మనిషి. సుభద్రమ్మ చేతికి పెళ్లయిన నాటి నుంచి గాజులు తొడుగుతున్నది ఆమే.

"గా డాక్టర్ ఎవడో నీకేమన్న ఎరుకనా?" అని అడిగింది సుభద్రమ్మ.

"నాకేం ఎరుక? ఎవరో పెద్ద డాక్టరే అయ్యుంటడు."

"నువ్వన్న పోయి జర చెప్పరాదు? మనిషి పోయేటట్టుంది."

"డాక్టర్ మాట కాదని మన మాట ఎవరింటరే?"

దశరథం నీళ్లు తాగాడు. చెయ్యి కడుక్కుని దుకాణానికి పోయాడు.

మర్నాడు పొద్దున సుభద్రమ్మ లేవలేదు. లోపలి గదిలోంచి దగ్గు ఒకటే వినపడుతోంది. దశరథం తలుపు సందులోంచి తొంగిచూశాడు. దుప్పటి ముసుగు, మెడలో వాము మూట. హుసేన్‌బీ దగ్గర కూర్చుని జబ్బు తెచ్చుకుంది! గభాలున తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"నాకు వాసన తెలుస్తలేదు. ఊపిరి గుడ ఆడ్తలేదు" అంది లోపలి నుంచి.

దశరథం 108కి ఫోన్ చేశాడు. బయల్దేరుతున్నామన్నారు.

"సుభద్రా, బండి వస్తుంది. లెవ్వు, దవాఖానకు పోదాం."

"దవాఖానకా? నేను రాను. పోయినోళ్లు తిరిగొస్తలేరంట. డాక్టర్ చెప్పిండు గదా."

గడియ పడిన చప్పుడైంది. ఈ మనిషి లేకపోతే తను బతకలేడు. ఆ సంగతి దశరథానికి ఇంత గట్టిగా ఎప్పుడూ తెలిసిరాలేదు. తలుపు మీద దబదబా బాదాడు.

"గా మూటల ఏం లేదే! ఉత్త వాము!"

"డాక్టర్ అబద్ధం చెప్తడా?"

"డాక్టర్ లేడు, గీక్టర్ లేడు! గది నేనే!"

"ఏందీ? వినపడ్తలేదు. జర గట్టిగ చెప్పు."

"గా గొంతు నాదే! వాము అమ్ముకునేటందుకు నేనే గట్ల చేసిన!" అరుస్తుంటే దశరథానికి ఏడుపొచ్చింది.

"నన్ను దవాఖానకు తీస్కపోనీకి గిట్ల కతలు పడ్తున్నవు. నేను నమ్మ."

ఇక దారిలేక దశరథం కళ్లు తుడుచుకుని, ముక్కు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "నేను హైదరాబాద్ నుంచి డాక్టర్‌ని మాట్లాడుతున్నాను. కరోనాకు భయపడకండి..." మొత్తం, పొల్లుపోకుండా, తలుపుకు అప్పజెప్పాడు.

లోపల దగ్గు ఆగింది.

"మరి దవాఖానకు పోతే సస్తరంటివి?"

"గది గుడ అబద్ధమే! ఆయాసం వస్తే దవాఖానకే పోవాలె. జల్ది పోతే బతుకుతరు. నీ మీద ఒట్టు సుభద్రా, తలుపు తియ్యే!"

తలుపు తెరుచుకుంది. సుభద్రమ్మ తల నున్నగా దువ్వుకుని, దగ్గూ దిగులూ లేకుండా నిలబడి ఉంది. మెడలో మూట కూడా లేదు. మొగుడి వైపు చూడనైనా చూడకుండా, చేతిలో వెలుగుతున్న ఫోను చెవికి ఆనించుకుంది.

"ఇన్నవా హుసేన్‌బీ అక్కా? గా డాక్టర్ గొంతు మా ఇంటాయనదే అని నిన్న నెత్తీనోరూ కొట్టుకొని చెప్పినా నమ్మకపోతివి; ఇగ గా మూట తీసి అవతల పారేసి, చెప్పులేస్కొని వాకిట్ల నిలవడు, బండి వచ్చేది నీ కోసమే."